దిగలేని విమానానికీ ఒక దారి: గుట్టల మీద గీసిన ఎత్తుల లెక్క

డిసెంబరు, జనవరి నెలల్లో ఆసిఫాబాద్ జిల్లాలో పొద్దున్నే లేచి బయటికొస్తే వీధి చివర ఇల్లు కనిపించదు. తిర్యాణి, గిన్నెధరి, సిర్పూర్ (యు) పేర్లు ఆ రోజుల్లో రాష్ట్రంలోని అతి తక్కువ ఉష్ణోగ్రతల పట్టికలో తరచూ వస్తుంటాయి. కెరమెరి ఘాట్‌లో మంచు దట్టంగా కమ్మితే బస్సు డ్రైవరు లైట్లు వేసుకుని మెల్లగా నడుపుతాడు. మరీ దారి కానరాకపోతే పక్కకు తీసి ఆపుకుంటాడు. మంచు విడిచాక బయల్దేరుతాడు.

విమానానికి ఆ వీలు లేదు. అది గాలిలో ఆగి నిలబడలేదు. రన్‌వే కనిపించకపోతే దానికి ఒకటే మార్గం: మళ్లీ పైకి లేవాలి. కానీ పైకి లేచే దారిలో గుట్ట ఉంటే? పొగ గొట్టం ఉంటే? మబ్బులో ఉన్న పైలట్‌కు అవి కనిపించవు. కాబట్టి ఆ దారిని ఎవరో ముందే కొలిచి, ఎంత ఎత్తు దాకా దిగొచ్చో, దిగలేకపోతే ఎటు తిరిగి ఎంత ఎత్తుకు పోవాలో రాసిపెట్టాలి. ఆ రాత ఎలా తయారవుతుంది, దానితో నేలమీద ఉన్న మనకేం సంబంధం అన్నదే ఈ వ్యాసం.

ఇప్పుడెందుకు తెలుసుకోవాలి?

ఉత్తర తెలంగాణలో విమానాశ్రయాల మాట మళ్లీ గట్టిగా వినిపిస్తోంది. వరంగల్‌లోని మామునూరుకు కేంద్ర పౌర విమానయాన శాఖ 2025 ఫిబ్రవరిలో ఆమోదం తెలిపింది. ఆదిలాబాద్‌లో నిజాం కాలం నాటి ఏరోడ్రోమ్ ఉంది. అక్కడ పౌర విమానాలు దిగేందుకు వీలు కల్పించే ప్రయత్నం సాగుతోంది. పెద్దపల్లి జిల్లా బసంత్‌నగర్‌లో కేశోరాం సిమెంట్ కర్మాగారం పక్కన పాత రన్‌వే ఉంది. 1980ల్లో అక్కడికి వాయుదూత్ విమానాలు వచ్చేవి. రామగుండం ప్రాంతానికి మళ్లీ విమానాశ్రయం కావాలన్న కోరిక ఎప్పటిదో.

ఈ చర్చలో ఎక్కువగా వినిపించే మాటలు భూమి, నిధులు, ప్రయాణికుల సంఖ్య. ఎత్తుల లెక్క గురించి మాట్లాడేవారు తక్కువ. నిజానికి ఒక చోట విమానాలు ఏడాదిలో ఎన్ని రోజులు నమ్మకంగా దిగగలవో తేల్చేది చాలావరకు ఆ లెక్కే.

పరికరాలను నమ్మి నడపడం

ఆకాశం తేటగా ఉన్నప్పుడు పైలట్ కళ్లతో చూసి గుట్టను తప్పుకోగలడు. మబ్బులో, పొగమంచులో, చీకట్లో అలా కుదరదు. అప్పుడు ఇన్‌స్ట్రుమెంట్ ఫ్లయింగ్ (బయటికి చూడకుండా పరికరాల ఆధారంగా విమానం నడపడం) అవసరమవుతుంది. ఎదురుగా ఉన్న తెరల మీద ఎత్తు, వేగం, దిశ, రన్‌వే నుంచి దూరం కనిపిస్తాయి. కింద గుట్ట ఎంత ఎత్తుందో ఆ ప్రధాన పరికరాలు చెప్పవు. ఆ సంగతి చెప్పేది అప్రోచ్ చార్టు (రన్‌వే వైపు దిగివచ్చే దారిని, ఎత్తులను చూపే పటం).

ఈ చార్టుల తయారీకి అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ (ఐకావో) ప్రమాణాలు రూపొందించింది. మన దేశంలో పౌర విమానాశ్రయాల చార్టులను ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ ఆఫ్ ఇండియా ప్రచురిస్తుంది. చార్టు గీసేవారు మొదట చుట్టుపక్కల ప్రతి ఎత్తైన వస్తువునూ లెక్కలోకి తీసుకుంటారు. గుట్ట, దాని మీది చెట్లు, సెల్ టవర్, నీళ్ల ట్యాంకు, కరెంటు లైను స్తంభం, పొగ గొట్టం అన్నీ ఇందులోకి వస్తాయి. వాటి పైన విమానానికీ వాటికీ మధ్య ఇంత ఖాళీ తప్పనిసరిగా ఉండాలని నిర్ణయిస్తారు. దాన్నే అబ్‌స్టకిల్ క్లియరెన్స్ (అడ్డంకి కొసకూ విమానానికీ మధ్య ఉండాల్సిన కనీస ఖాళీ) అంటారు.

మెట్టు మెట్టుగా తగ్గే ఖాళీ

ఈ ఖాళీ అన్ని చోట్లా ఒకేలా ఉండదు. విమానం దూరంగా ఉన్నప్పుడు ఎక్కువ, రన్‌వేకు దగ్గరవుతున్న కొద్దీ తక్కువ.

మొట్టమొదట చార్టులో ఒక పెద్ద వలయం కనిపిస్తుంది. దాని వ్యాసార్ధం 25 నాటికల్ మైళ్లు, అంటే సుమారు 46 కిలోమీటర్లు. ఆ వలయంలో ఎక్కడున్నా అడ్డంకుల పైన కనీసం 300 మీటర్ల ఖాళీ ఇచ్చే ఎత్తును అందులో రాస్తారు. దీని పేరు మినిమమ్ సెక్టార్ ఆల్టిట్యూడ్ (ఆ వైపున దిగకూడని కనీస ఎత్తు). ఆదిలాబాద్ చుట్టూ ఈ వలయం గీస్తే ఇంద్రవెల్లి లోపల పడుతుంది, ఉట్నూరు అంచుకు చేరుతుంది. బసంత్‌నగర్ చుట్టూ గీస్తే మంచిర్యాల, జైపూర్, బెల్లంపల్లి కూడా లోపలికి వస్తాయి. విమానాశ్రయం పక్క జిల్లాలో ఉన్నా, ఈ ఊళ్ల గుట్టలూ గొట్టాలూ దాని చార్టులో లెక్కకు వస్తాయి.

ఆ తర్వాత అసలు దిగుడు మొదలవుతుంది. తొలి దశలో ఖాళీ 300 మీటర్లు. నడిమి దశలో అది 150 మీటర్లకు తగ్గుతుంది. రన్‌వేకు ఎదురుగా వచ్చే ఆఖరి దశలో, నిలువు మార్గదర్శనం లేని అప్రోచ్‌లో సాధారణంగా 75 మీటర్లు ఉంటుంది. ఆ దశ ఎక్కడ మొదలవుతుందో చెప్పే గుర్తు లేకపోతే 90 మీటర్లు ఉంచుతారు.

దగ్గరికొచ్చే కొద్దీ ఖాళీ ఎందుకు తగ్గించవచ్చు? దూరంగా ఉన్నప్పుడు విమానం తన దారి నుంచి పక్కకు జరిగే అవకాశం ఎక్కువ. అందుకే లెక్కలోకి తీసుకునే నేల పట్టీ కూడా వెడల్పుగా ఉంటుంది. రన్‌వే దగ్గర పడే కొద్దీ సంకేతాలు కచ్చితమవుతాయి. విమానం వేగం తగ్గి, చక్రాలు దించుకుని, నిలకడగా వస్తుంటుంది. తప్పుకు అవకాశం తగ్గుతుంది కాబట్టి ఖాళీ కూడా తగ్గించవచ్చు. అయితే దీనికి ఒక షరతు ఉంది. ఏ దశ ఎత్తు ఆ దశలోనే పాటించాలి. తర్వాతి మెట్టు ఎత్తుకు ముందే దిగితే లెక్క మొత్తం తలకిందులవుతుంది.

నిర్ణయం తీసుకునే ఎత్తు

ఆఖరి దశలో రెండు పద్ధతులున్నాయి. మొదటిది ఐఎల్‌ఎస్ (రన్‌వే దగ్గరి యాంటెనాల నుంచి దిశనూ వాలునూ చూపే రేడియో వ్యవస్థ) లాంటిది. అది విమానాన్ని సాధారణంగా 3 డిగ్రీల వాలులో కిందికి తీసుకొస్తుంది. ఇందులో పైలట్ చూసుకునే అంకె డెసిషన్ ఆల్టిట్యూడ్ (దిగాలా, పైకి లేవాలా తేల్చుకోవాల్సిన ఎత్తు). సాధారణ రకం ఐఎల్‌ఎస్‌లో ఇది రన్‌వే మట్టం నుంచి 200 అడుగుల కంటే, అంటే 60 మీటర్ల కంటే తక్కువ ఉండకూడదు. దారిలో అడ్డంకులుంటే ఇంకా ఎక్కువ ఉంటుంది.

రెండో పద్ధతిలో దిశ మాత్రమే తెలుస్తుంది, వాలు తెలియదు. అక్కడ మినిమమ్ డిసెంట్ ఆల్టిట్యూడ్ (రన్‌వే కనిపించే దాకా అంతకు కిందికి దిగకూడని ఎత్తు) ఉంటుంది. ఇది సాధారణంగా మొదటిదానికంటే ఎక్కువ.

ఈ రెండింటి మధ్య ఒక ముఖ్యమైన తేడా ఉంది. డెసిషన్ ఆల్టిట్యూడ్ దగ్గర పైలట్ పైకి లేవాలని నిర్ణయించినా, టన్నుల బరువుతో కిందికి వస్తున్న విమానం వెంటనే లేవదు. కొన్ని మీటర్లు కిందికి జారి, ఆ తర్వాత లేస్తుంది. ఆ జారుడును ముందే లెక్కలో కలుపుతారు. ఎయిర్‌బస్ ఏ320, బోయింగ్ 737 లాంటి విమానాలు వచ్చే వేగ తరగతికి ఈ లెక్క 46 మీటర్లు. మినిమమ్ డిసెంట్ ఆల్టిట్యూడ్‌లో అలాంటి సర్దుబాటు ఉండదు. దాని కిందికి ఒక్క అడుగు కూడా జారకూడదు.

ఆ క్షణంలో కాక్‌పిట్‌లో ఏం జరుగుతుందో దగ్గరగా చూద్దాం. ఒక పైలట్ పరికరాలు చూస్తూ నడుపుతుంటాడు. రెండో పైలట్ ఎత్తును గమనిస్తూ బయట దీపాల కోసం వెతుకుతుంటాడు. “మినిమమ్స్” అన్న పిలుపు వస్తుంది. రన్‌వే దీపాలు కనిపిస్తే దిగుతారు. లేదంటే “గో అరౌండ్” అంటారు. ఇంజన్లకు పూర్తి శక్తి ఇస్తారు, ముక్కు పైకెత్తుతారు, రెక్కల వెనక దించిన ఫ్లాప్‌లను కొంత లోపలికి తీస్తారు. ఎత్తు పెరుగుతోందని రూఢి చేసుకున్నాక చక్రాలు ముడుస్తారు. అప్పుడు చార్టులో రాసిన దారి పడతారు. ఇదే మిస్డ్ అప్రోచ్ (దిగే ప్రయత్నం మానుకుని నిర్ణీత దారిలో పైకి వెళ్లడం).

పైకి లేచే దారి లెక్క

మిస్డ్ అప్రోచ్‌కు మూడు దశలున్నాయి. మొదటిది విమానం దిగుడు ఆపి ఎక్కుడు మొదలుపెట్టే చిన్న దశ. ఇందులో సాధారణంగా మలుపు తిప్పరు. అప్పటికే పైలట్ల చేతినిండా పని ఉంటుంది. రెండోది నిలకడగా పైకెక్కే దశ. ఇక్కడ అడ్డంకుల పైన కనీసం 30 మీటర్ల ఖాళీ ఉండాలి. మూడో దశలో అది 50 మీటర్లు. చివరికి విమానం చార్టులో రాసిన ఎత్తుకు చేరుతుంది. అదే మిస్డ్ అప్రోచ్ ఆల్టిట్యూడ్. అక్కడ చక్కర్లు కొడుతూ ఎదురుచూడవచ్చు, మళ్లీ ప్రయత్నించవచ్చు, లేదా వేరే ఊరికి వెళ్లవచ్చు. చక్కర్లు కొట్టే చోట మళ్లీ 300 మీటర్ల ఖాళీ ఉండాల్సిందే. అందుకే ఆ ఎత్తు చుట్టుపక్కల గుట్టలకు చాలా పైన ఉంటుంది.

ఇంతకీ విమానం ఎంత వాలుతో ఎక్కుతుందని అనుకోవాలి? ఐకావో లెక్క 2.5 శాతం. అంటే 40 మీటర్లు ముందుకు పోతే 1 మీటరు పైకి. చార్టులో వేరే అంకె రాయకపోతే ఇదే వర్తిస్తుంది.

ఒక ఉదాహరణతో లెక్క కట్టి చూద్దాం. 500 మెగావాట్లు, అంతకు మించిన బొగ్గు విద్యుత్ యూనిట్లకు 275 మీటర్ల చిమ్నీ ఉండాలని మన పర్యావరణ నిబంధనలు చాలాకాలం నిర్దేశించాయి. రామగుండం ఎన్టీపీసీలోనూ, జైపూర్‌లోని సింగరేణి విద్యుత్ కేంద్రంలోనూ ఆ స్థాయి యూనిట్లున్నాయి. ఊహకు ఒక రన్‌వే తీసుకుందాం. అది ఏ నిజమైన విమానాశ్రయమూ కాదు, లెక్క కోసమే. పైకెక్కే దారిలో 275 మీటర్ల చిమ్నీ ఉంది. చిమ్నీ పాదమూ రన్‌వే ఒకే మట్టంలో ఉన్నాయి. విమానం 100 మీటర్ల ఎత్తులో ఎక్కడం మొదలుపెట్టింది.

చిమ్నీ కొస పైన 30 మీటర్ల ఖాళీ కావాలి. అంటే అక్కడికి చేరేసరికి విమానం 305 మీటర్ల మీద ఉండాలి. ఇంకా 205 మీటర్లు ఎక్కాలి. 40కి 1 చొప్పున 205 మీటర్లు ఎక్కడానికి 8,200 మీటర్లు, అంటే 8.2 కిలోమీటర్లు కావాలి. చిమ్నీ అంత దూరంలో ఉంటే ఇబ్బంది లేదు.

చిమ్నీ 6 కిలోమీటర్ల దూరంలోనే ఉంటే? అక్కడికి చేరేసరికి విమానం 150 మీటర్లే ఎక్కుతుంది. అంటే 250 మీటర్ల ఎత్తులో ఉంటుంది. చిమ్నీ కొస అంతకంటే 25 మీటర్లు పైన ఉంది.

ఇప్పుడు చార్టు గీసేవారి ముందు మూడు దారులుంటాయి. మొదటిది, విమానాన్ని ముందే పక్కకు తిప్పడం. అటువైపు గుట్ట లేకపోతేనే ఇది కుదురుతుంది. రెండోది, 2.5 శాతం బదులు సుమారు 3.4 శాతం వాలుతో ఎక్కాలని చార్టులో రాయడం. అంత సామర్థ్యం చూపలేని విమానం ఆ పద్ధతిని వాడకూడదు. మూడోది, ఎక్కడం మొదలుపెట్టే ఎత్తునే పెంచడం. ఈ ఉదాహరణలో 55 మీటర్లు, అంటే సుమారు 180 అడుగులు పెంచాలి. అప్పుడు డెసిషన్ ఆల్టిట్యూడ్ కూడా అంత పైకి పోతుంది.

మూడో దారి కాగితం మీద తేలిక. దాని ఖరీదు మాత్రం ప్రయాణికుల మీద పడుతుంది. మబ్బు కింది అంచు 300 అడుగుల్లో ఉన్న రోజున 200 అడుగుల దాకా దిగగల విమానానికి రన్‌వే కనిపిస్తుంది. 380 అడుగుల దగ్గరే ఆగాల్సిన విమానానికి కనిపించదు. అది హైదరాబాదుకో నాగ్‌పూర్‌కో మళ్లిపోతుంది. ఒక పొగ గొట్టం వల్ల ఏడాదిలో ఎన్నో పొగమంచు ఉదయాలు, వానాకాలపు సాయంత్రాలు పోతాయి. భద్రత తగ్గదు, అందుబాటు తగ్గుతుంది. ఎత్తుల లెక్క ఒక విమానాశ్రయం భవిష్యత్తును ఇలా నిర్ణయిస్తుంది.

ఎండ, బరువు, ఒక్క ఇంజను

2.5 శాతం చిన్న అంకెలా కనిపిస్తుంది. రెండు ఇంజన్లూ పనిచేస్తే ప్రయాణికుల విమానాలు ఇంతకంటే చాలా నిటారుగా ఎక్కుతాయి. కష్టం ఒక ఇంజను చెడినప్పుడు వస్తుంది. రెండు ఇంజన్ల పెద్ద విమానం ఒకే ఇంజనుతో, దిగడానికి వస్తున్న స్థితి నుంచి కనీసం 2.1 శాతం వాలుతో ఎక్కగలగాలని విమాన తయారీ ప్రమాణాలు చెబుతాయి. చార్టు లెక్క 2.5 శాతం. ఈ రెండింటి మధ్య తేడాను ఎవరూ పట్టించుకోకపోతే ప్రమాదం.

అందుకే విమానయాన సంస్థలు ముందే లెక్క వేసుకోవాలి. ఆ రోజు వేడి, ఆ రన్‌వే ఎత్తు, ఆ విమానం బరువు చూసి ఒక ఇంజనుతోనైనా అడ్డంకులను దాటగలదా అని సరిచూడాలి. ఆదిలాబాద్ ఎండాకాలంలో 45 డిగ్రీలు మనకు కొత్త కాదు. వేడెక్కిన గాలి పలచబడుతుంది. ఇంజను శక్తి తగ్గుతుంది, రెక్కలకు ఊతం తగ్గుతుంది. అప్పుడు ప్రయాణికులనో సరుకునో తగ్గించుకోవాల్సి వస్తుంది. ఈ జిల్లాలకు చలికాలపు పొగమంచూ, ఎండాకాలపు వేడీ రెండూ ఉన్నాయి. ఒకటి కనుచూపును తగ్గిస్తుంది. మరొకటి ఎక్కే శక్తిని తగ్గిస్తుంది.

లెక్క తప్పిన చోట

ఈ ఎత్తులను దాటితే ఏమవుతుందో చరిత్రలో ఉంది. 1974 డిసెంబరు 1న అమెరికాలో టీడబ్ల్యూఏ 514 విమానం వాషింగ్టన్ దగ్గరి డల్లెస్ విమానాశ్రయానికి వస్తోంది. కంట్రోలర్ అప్రోచ్‌కు అనుమతి ఇచ్చాడు. అనుమతి వచ్చింది కాబట్టి ఆఖరి దశ ఎత్తయిన 1,800 అడుగులకు వెంటనే దిగవచ్చని పైలట్లు అనుకున్నారు. వాళ్లింకా ఆ దశకు రాలేదు. మధ్యలో మౌంట్ వెదర్ అనే కొండ ఉంది. విమానం దాన్ని గుద్దుకుంది. అందులో ఉన్న 92 మందీ చనిపోయారు. అనుమతికీ ఎత్తుకూ సంబంధం ఏమిటో ఆ తర్వాత స్పష్టంగా నిర్వచించారు. నేల దగ్గరపడుతుంటే అరిచి హెచ్చరించే పరికరాన్ని పెద్ద విమానాల్లో తప్పనిసరి చేశారు.

మన దేశంలో 1991 ఆగస్టు 16న కలకత్తా నుంచి ఇంఫాల్ వెళ్తున్న ఇండియన్ ఎయిర్‌లైన్స్ బోయింగ్ 737 థంగ్‌జింగ్ కొండను తాకింది. 69 మంది ప్రాణాలు పోయాయి. విమానం బాగానే ఉంది. దిగే పద్ధతిని, ఆ కొండల ప్రాంతంలో పాటించాల్సిన ఎత్తులను పాటించకపోవడమే కారణమని విచారణలో తేలింది.

మూడో సంఘటన ప్రమాదం దాకా పోలేదు. అందుకే దాన్నుంచి నేర్చుకోవాల్సింది ఎక్కువ. 2022 మే 23న పారిస్‌లోని చార్లెస్ డి గాల్ విమానాశ్రయానికి ఒక ఏ320 వానలో దిగుతోంది. విమానంలో ఎత్తు చూపే ఆల్టిమీటర్ నిజానికి గాలి ఒత్తిడిని కొలుస్తుంది. ఆ రోజు ఆ చోటి ఒత్తిడి ఎంతో నేలమీద నుంచి చెబితే పైలట్లు దాన్ని పరికరంలో అమర్చుకోవాలి. అసలు అంకె 1001. కంట్రోలర్ చెప్పింది 1011. పది యూనిట్ల తేడా అంటే సుమారు 280 అడుగుల తేడా. పరికరంలో ఎత్తు సరిగానే కనిపిస్తోంది, విమానం మాత్రం అంత కింద ఉంది. డెసిషన్ ఆల్టిట్యూడ్ అని పరికరం చూపినప్పుడు రన్‌వే కనిపించలేదు. పైలట్లు నియమం ప్రకారం పైకి లేచారు. ఆ లేచే క్రమంలో విమానం నేలకు 6 అడుగుల ఎత్తు దాకా వచ్చింది. రన్‌వే ఇంకా కిలోమీటరుకు పైగా ముందుంది. కనిపించకపోతే లేవాలన్న ఒక్క నియమం విమానంలో ఉన్నవారందరినీ కాపాడింది.

తెలుగువారికి మరిచిపోలేని రోజు 2009 సెప్టెంబరు 2. ముఖ్యమంత్రి వై.ఎస్. రాజశేఖర రెడ్డి బేగంపేట నుంచి చిత్తూరు జిల్లాకు బయల్దేరిన హెలికాప్టర్ ఘోరమైన వాతావరణంలో నల్లమలలోని పావురాలగుట్ట దగ్గర కూలింది. అందులో ఉన్న అయిదుగురూ మరణించారు. అది విమానాశ్రయంలో దిగే ప్రయత్నం కాదు. అయినా ఈ విషయానికి దానితో సంబంధం ఉంది. అడవి మీదుగా సాగే అలాంటి ప్రయాణంలో కింద ఎవరూ ముందే కొలిచి గీసిన దిగుడు దారి ఉండదు, పైకి లేచే దారీ ఉండదు. కనుచూపు పోతే పైలట్‌కు భరోసా ఇచ్చే అంకె చేతిలో ఉండదు. చార్టు విలువ అది లేని చోట బాగా తెలుస్తుంది.

పైకి లేవడం ఓటమి కాదు

లెక్క సరిగా ఉన్నా దాన్ని వాడుకునే మనసు ఉండాలి. 2010 మే 22న మంగళూరులో ఎయిర్ ఇండియా ఎక్స్‌ప్రెస్ విమానం మరీ ఎత్తుగా, అస్థిరంగా రన్‌వే మీదికి వచ్చింది. గో అరౌండ్ చేద్దామని కో-పైలట్ చెప్పాడు. కెప్టెన్ దిగడానికే మొగ్గాడు. విమానం రన్‌వే దాటి లోయలో పడింది. 158 మంది చనిపోయారు. 2020 ఆగస్టు 7న కోళికోడ్‌లో అదే సంస్థ విమానం భారీ వానలో మొదటిసారి దిగే ప్రయత్నం మానుకుని క్షేమంగా పైకి లేచింది. రెండోసారి మరో వైపు నుంచి వెనకగాలితో దిగి, రన్‌వే దాటిపోయింది. 21 మంది మరణించారు.

నిలకడ లేని అప్రోచ్‌లలో గో అరౌండ్‌తో ముగిసేవి వందకు మూడు మాత్రమేనని ఫ్లైట్ సేఫ్టీ ఫౌండేషన్ అధ్యయనం చెప్పింది. కారణాలు మనుషులకు సహజమైనవే. గమ్యం కళ్లముందు ఉంటుంది. ఆలస్యం అవుతోందన్న ఒత్తిడి ఉంటుంది. ఇంకొక్క క్షణంలో కనిపిస్తుందిలే అన్న ఆశ ఉంటుంది.

ఇక్కడ ఇంకో సంగతి గుర్తుంచుకోవాలి. చార్టు ఇచ్చే రక్షణకు హద్దులున్నాయి. నిర్ణయించిన ఎత్తులో, నిర్ణయించిన చోటుకు మించకుండా లేస్తేనే ఆ ఖాళీలన్నీ వర్తిస్తాయి. దీపాలు కనిపించాయని కిందికి దిగి, మళ్లీ మబ్బు కమ్మి, రన్‌వే సగం దాటాక లేస్తే చార్టు లెక్క ఆ విమానానికి పూచీపడదు. అది లెక్కలో ఉన్నదానికంటే కింద నుంచి, ఆలస్యంగా మొదలైంది. అలాగే, ముందే లేవాలనుకున్న పైలట్ ఎత్తు వెంటనే పెంచుకోవచ్చు, కానీ రాసిన చోటుకు చేరకుండా పక్కకు తిరగకూడదు. అటువైపు ఏముందో కొలిచింది ఆ చోటు నుంచే.

నేలమీది వారి వాటా

ఇప్పటిదాకా చెప్పిన లెక్క ఒకసారి కట్టి వదిలేసేది కాదు. ఆ తర్వాత నేల మీద కొత్త టవర్ లేచినా, కొత్త భవనం వచ్చినా లెక్క మారుతుంది. అందుకే రన్‌వే చుట్టూ గాలిలో కనిపించని హద్దులు గీస్తారు. పెద్ద రన్‌వే అయితే చుట్టూ 4 కిలోమీటర్ల వరకు, విమానాశ్రయ మట్టానికి 45 మీటర్ల పైన ఒక సమతల హద్దు ఉంటుంది. దాని అంచు నుంచి హద్దు వాలుగా పైకి పోతుంది. విమానాలు వచ్చే వైపున రన్‌వే కొస నుంచి మొదట 50 మీటర్లకు 1 మీటరు చొప్పున లేస్తుంది. వీటిని దాటే కట్టడం ప్రమాదకరమైన అడ్డంకి కావచ్చు.

మన దేశంలో ఇందుకోసం కేంద్రం 2015లో ఎత్తుల నియంత్రణ నిబంధనలు తెచ్చింది. ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ విమానాశ్రయాల చుట్టూ రంగుల పటాలు తయారుచేస్తుంది. ఏ రంగు ప్రాంతంలో ఎంత ఎత్తు దాకా స్థానిక సంస్థే అనుమతి ఇవ్వవచ్చో వాటిని చూస్తే తెలుస్తుంది. అంతకు మించితే నిరభ్యంతర పత్రం తీసుకోవాలి. అక్రమంగా లేచిన కట్టడాన్ని, చెట్టును తొలగించేందుకు 1994 నుంచే నిబంధనలున్నాయి.

కాగితం మీద ఇది బాగానే ఉంది. అమలు మున్సిపాలిటీ దగ్గర, పంచాయతీ దగ్గర మొదలవుతుంది. విమానాశ్రయం వచ్చిన చోట భూముల ధరలు పెరుగుతాయి. చుట్టూ భవనాలు లేస్తాయి. అయిదేళ్లలో వచ్చిన ఒక్కో కట్టడం డెసిషన్ ఆల్టిట్యూడ్‌ను కొన్ని అడుగులు పైకి నెట్టగలదు, లేదా రన్‌వే కొసను లోపలికి జరిపించగలదు. అప్పుడు కోట్లు పెట్టి వేసిన రన్‌వేలో కొంత భాగం దిగడానికి పనికిరాకుండా పోతుంది.

మనం అడగాల్సింది

ఆదిలాబాద్‌కు, రామగుండానికి విమానం రావాలని కోరుకోవడంలో తప్పు లేదు. ఆసిఫాబాద్, కాగజ్‌నగర్ నుంచి అత్యవసర వైద్యానికో ఉద్యోగానికో హైదరాబాద్ వెళ్లేవారికి అది ఉపయోగమే. అయితే రన్‌వే ఎంత పొడవు, ఎప్పుడు ప్రారంభం అన్న ప్రశ్నలతో పాటు ఇంకో నాలుగు ప్రశ్నలు అడగాలి. అడ్డంకుల కొలత పూర్తయిందా? రెండు వైపులా మిస్డ్ అప్రోచ్‌కు 2.5 శాతం వాలు సరిపోతుందా? డెసిషన్ ఆల్టిట్యూడ్ ఎంత వస్తుంది, ఆ లెక్కన చలికాలంలో ఎన్ని ఉదయాలు విమానం దిగలేకపోతుంది? చుట్టుపక్కల పంచాయతీలకు ఎత్తుల పటం చేరిందా? ఈ ప్రశ్నలకు జవాబులు స్థలం ఎంపికకు ముందే ప్రజల ముందు ఉంచాలి. స్థలం ఖరారై, భూమి సేకరించాక గుట్టను జరపలేం, విద్యుత్ కేంద్రాన్ని కదపలేం.

ప్రయాణికులకు కూడా ఒక మాట. రన్‌వే దగ్గరదాకా వచ్చిన విమానం ఒక్కసారిగా గర్జిస్తూ పైకి లేస్తే భయం వేయడం సహజం. కానీ అప్పుడు మీరున్నది ఎవరో ముందే ప్రతి గుట్టనూ ప్రతి గొట్టాన్నీ కొలిచి, వాటి పైన ఖాళీ ఉంచి గీసిన దారిలో. గంట ఆలస్యమైందని, వేరే ఊళ్లో దించారని పైలట్ మీద కోపగించుకోవద్దు. కనిపించని రన్‌వే మీద దిగకపోవడమే ఆయన మీ పట్ల నిర్వర్తించిన బాధ్యత.